మూడు మెట్లు దిగిన పాట

నా భార్య పోయి పద్నాలుగు నెలలైంది. ఆమె గొంతు ఉన్న రికార్డు నా దగ్గర ఒక్కటే ఉంది. అది కూడా ఆమె ఒక్కతే పాడింది కాదు. పన్నెండుమంది ఆడవాళ్లు కలిసి పాడిన బృందగానం. పాతికేళ్లు పైబడ్డ క్యాసెట్టు. పోయినేడు దాన్ని ఒక షాపులో ఇచ్చి ఫోనులోకి ఎక్కించుకున్నాను. రోజూ పొద్దున కాఫీ కలుపుకుని ఆ పాట పెట్టుకునేవాణ్ని. పన్నెండు గొంతుల్లో ఒక గొంతు కోసం వెతికేవాణ్ని.

పాట కట్టింది వాళ్ల సంగీతం టీచరుగారు. శుద్ధ ధన్యాసి రాగం, ఆది తాళం. కాలవలకు నీళ్లు వదిలిన రోజు గురించిన పాట అది. బ్యారేజీ దగ్గర తలుపులు లేస్తాయి. ఎండిన కాలవలోకి నీళ్లొస్తాయి. కంకిపాడు దాటి చివరి ఊళ్లకు చేరేసరికి జనం గట్టు మీద నీళ్లతోపాటు నడుస్తుంటారు. రెండో చరణంలో ఆరుగురు స్వరాలు పాడుతుంటే, అదే సమయంలో మిగతా ఆరుగురు మాటలు పాడతారు. మాటల వైపు ముందు ఎత్తుకునేది నా భార్య.

మాటల్లో అంత సందడి ఉన్నా రికార్డులో మాత్రం లేదు. పాట నిదానంగా, బరువైన గొంతులతో నడిచేది. ఎందుకో నాకు తెలుసుననుకున్నాను.

ఆ పాట రికార్డు చేసిన ఏడే ఆమెకు రేడియో నుంచి ఆడిషన్‌కు రమ్మని ఉత్తరం వచ్చింది. మాది వన్ టౌన్‌లో చీరల హోల్‌సేల్ షాపు. అవి ఆషాఢం అమ్మకాల రోజులు. ఇంట్లో మా అమ్మకు ఒంట్లో బాగాలేదు. "ఆషాఢం వెళ్లనీ, చూద్దాం" అన్నాను. ఆషాఢం వెళ్లేసరికి ఆడిషన్ కూడా వెళ్లిపోయింది. ఆమె గొడవ పడలేదు. మళ్లీ దరఖాస్తు పెట్టనూ లేదు. ఆ తర్వాత నెలలో ఈ బృందంలో పాడింది. ఎలా ఉన్నావని ఆమె బతికుండగా నేను అడగలేదు. పోయాక అడగడానికి ఈ రికార్డు ఒక్కటే మిగిలింది. రోజూ పొద్దున నేను దాన్ని అదే అడిగేవాణ్ని. అది రోజూ ఒకటే జవాబు చెప్పేది. సంతోషం గురించిన పాటను ఆమె సంతోషం లేకుండా పాడింది, అలా చేసింది నేను.

ఈ ఆషాఢంలో ఒకరోజు పొద్దున్నే ఫోను మోగింది. బృందంలో నా భార్య పక్కన నిలబడి పాడినావిడ. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యింది.

"అన్నయ్యగారూ, కాఫీలయ్యాయా? వచ్చే నెల టీచరుగారికి ఎనభై నిండుతాయండీ. ఊళ్లో మేం ఐదుగురం మిగిలాం. ఆవిడ ముందు ఆ కాలవ పాట పాడదామని. ఒక్కళ్లకీ సాంతం గుర్తులేదు. టీచరుగారి నోటుబుక్కేమో చెదలు తినేసిందంట. రికార్డు మీ దగ్గరుందిగా?"

"ఉందమ్మా. కానీ అది పుట్టినరోజున పాడే పాటలా ఉండదు."

"అదేంటండీ? నీళ్లొచ్చే పాటేగా?"

"వింటే మీకే తెలుస్తుంది."

"సరే, రేపు కంకిపాడు పోదాం. టీచరుగారి దగ్గరే విందాం. కారు నేనే నడుపుతాను, భయపడకండి."

టీచరుగారు కంకిపాడులో తమ్ముడి ఇంట్లో ఉంటున్నారు. చూపు తగ్గింది కానీ చెవులు బాగానే ఉన్నాయి. మంచం పక్కనే హార్మోనియం ఉంది. నేను ఫోను బల్ల మీద పెట్టి పాట మొదలుపెట్టాను. పల్లవి మొదటి వరస పూర్తికాకముందే ఆవిడ చెయ్యెత్తి ఆపమన్నారు.

"ఎవరు పాడారు బాబూ ఇది?"

"మీవాళ్లేనండీ. మీరు కట్టిన పాటే."

"పాట నాదే. పాడినవాళ్లు నావాళ్లు కాదు."

బ్యాంకు ఆవిడ ఫోను చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ విన్నది. "ఇందులో నేనున్నానా? మా అత్తగారు పాడినట్టుంది!"

అప్పుడు నేను ఒక సంగతి చెప్పాను. మన గొంతు మనం గాలిలోంచి మాత్రమే కాక తల ఎముకల గుండా కూడా వింటామని, అందుకే రికార్డులో ఎవరి గొంతు వాళ్లకు పరాయిగా ఉంటుందని. చెబుతుంటే ఈ మాటలు నేను ఇంతకుముందు ఒకసారి ఇలాగే చెప్పానని గుర్తొచ్చింది. రికార్డు చేసిన సాయంత్రం ఇంట్లో టేప్‌రికార్డర్‌లో ఆ క్యాసెట్టు పెట్టినప్పుడు నా భార్య విని, "ఇది మేం పాడింది కాదండీ" అంది. నేను ఎముకల సంగతి వివరించాను. అంతకు కొద్దిరోజుల ముందే ఒక పుస్తకంలో చదివాను. "మీకన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి" అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. క్యాసెట్టు బీరువాలోకి వెళ్లింది. ఆమె దాన్ని మళ్లీ పెట్టలేదు. బాధతో వినలేకపోయిందని అనుకున్నాను.

"ఎముకల సంగతి సరే బాబూ," అన్నారు టీచరుగారు. "శ్రుతికి ఎముకలుంటాయా?"

ఆవిడ హార్మోనియం దగ్గరికి లాక్కున్నారు. పాట ఏ స్వరాన్ని నేలగా చేసుకుని నిలబడుతుందో అదే దాని శ్రుతి. ఆడవాళ్లు ఐదులోనో ఐదున్నరలోనో పాడతారు. ఈ పాట కోసం పన్నెండుమందినీ ఐదున్నరకు సాధన చేయించానని టీచరుగారు చెప్పారు. చూడకుండానే వేలితో తడిమి ఐదున్నర నల్ల మెట్టు నొక్కారు. "ఇప్పుడు పెట్టండి." పెట్టాను. హార్మోనియం ఒకచోట, పాట ఒకచోట. వినడానికి ఇబ్బందిగా ఉంది. ఆవిడ వేలు ఒక మెట్టు కిందికి జరిపారు. కుదరలేదు. ఇంకొకటి. కుదరలేదు. మూడో మెట్టుకు, నాలుగు శ్రుతి దగ్గర, పాటా హార్మోనియమూ ఒకటైపోయాయి.

"నాలుగు," అన్నారు. "మగపిల్లలు పాడితే నాలుగు ఎక్కువ. ఆడపిల్లలకు నాలుగు తక్కువ. ఎవరికీ కాని శ్రుతిలో నేనెందుకు పాడిస్తాను? కాలప్రమాణం కూడా ఇది కాదు. ఎడ్లబండి ఎక్కించారు నా పాటని."

రికార్డు నిదానంగా తిరుగుతోందన్న మాట. ఫోనులో వేగం పెంచే బటను ఉంది. దాన్ని నొక్కి మళ్లీ పెట్టాను. పాట వేగంగా వచ్చింది. టీచరుగారు రెండు వరసలు విని తల అడ్డంగా ఊపారు.

"పరిగెడుతోంది గానీ పైకి రాలేదు. శ్రుతి నాలుగులోనే ఉంది."

"లావుపాటి ఆడవాళ్లు బస్సు వెనక పరిగెత్తినట్టుందండీ," అంది బ్యాంకు ఆవిడ. "అంటే ఇప్పటి మేమే అనుకోండి."

ఫోను వేగాన్ని మాత్రమే పెంచుతుందని, శ్రుతిని ఎక్కడిదక్కడే ఉంచుతుందని నాకు అప్పుడు అర్థమైంది. రెండూ కలిసి పెరగాలి. కానీ ఎంత పెంచాలో తెలియాలంటే అసలు తేడా ఎక్కడ వచ్చిందో తెలియాలి. క్యాసెట్టు పాతబడి సాగిందా? ఫోనులోకి ఎక్కించిన షాపువాడి మిషను తప్పా? టీచరుగారి జ్ఞాపకమే తప్పయితే? పాతికేళ్ల నాటి శ్రుతి ఎనభయ్యేళ్ల మనిషికి గుర్తుండటమేమిటని కూడా ఒక క్షణం అనుకున్నాను. ఇది నిజం కావాలని నాకు ఎంతగా ఉందో తెలిసిపోయింది. అందుకే నమ్మడానికి భయం వేసింది.

తిరిగి వస్తుంటే పటమట దగ్గర ట్రాఫిక్ ఆగింది. మా పక్కనే ఒక ఆటో. దాని మీద మైకు. ఆషాఢం తగ్గింపు ధరలు, ఒక చీర కొంటే ఇంకో చీర అంటూ అరుస్తోంది. బ్యాంకు ఆవిడ అద్దం పైకి ఎత్తబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేశాను.

"ఆగండి! ఆగండమ్మా! మర!"

"ఏ మరండీ? టైరుదా?"

"టేప్‌రికార్డరుది!"

ఆ ట్రాఫిక్‌లోనే ఆమెకు మొత్తం చెప్పాను. ఆ ఏడు మా షాపు ప్రకటన కూడా ఇలాగే ఆటోలో తిరిగింది. స్టూడియోలో ఒకమ్మాయితో చెప్పించి క్యాసెట్టు చేయించాం. అది రెండు నిమిషాలు. షాపు అడ్రసు చిట్టచివర పెట్టాం. వన్ టౌన్ సందులు చిన్నవి. అడ్రసు వచ్చేలోపే ఆటో మలుపు తిరిగిపోయేది. తగ్గింపు ఉందని సందు సందంతా విన్నారు కానీ ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. "తగ్గింపు మనది, గిరాకీ పక్కవాడిది" అని మా అన్నయ్య మండిపడ్డాడు. మళ్లీ స్టూడియోకు వెళ్లి ప్రకటన కుదించి చెప్పించాలని మాలో ఎవరికీ తోచలేదు. అన్నయ్య టేప్‌రికార్డర్‌ను రేడియో మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాడు. అతను మోటారులో ఉన్న చిన్న మరను స్క్రూడ్రైవరుతో తిప్పాడు. టేపు వేగంగా తిరగసాగింది. ఆ అమ్మాయి గొంతు కీచుమంది, వీధిలో జనం నవ్వారు, కానీ సందు దాటేలోపు అడ్రసు వచ్చేసేది. అన్నయ్య చాలా సంతోషించాడు.

ఆషాఢం అయ్యాక ఒక ఆదివారం, బజారు మూసి ఉన్నప్పుడు, మా షాపు పైన గోడౌన్‌లో ఈ పాట రికార్డు చేశాం. చుట్టూ చీరల బేళ్లు ఉంటాయి కాబట్టి గది మోగదని అక్కడ పెట్టుకున్నాం. ఆటోలోంచి తెచ్చిన ఆ టేప్‌రికార్డర్‌నే పైకి తీసుకెళ్లాను. మరను వెనక్కి తిప్పించాలని నాకు గుర్తు రాలేదు. వేగంగా తిరుగుతున్న టేపు మీద పాట ఎక్కింది. ఇంట్లో మామూలు వేగంతో తిరిగే మిషనులో పెట్టేసరికి పాట నిదానించింది, శ్రుతి మూడు మెట్లు దిగింది. ఆటోలో తిరిగిన మిషనులోనే తిరిగి వేసి ఉంటే సరిగ్గానే వినిపించేది. నేను వేయలేదు. పాట అయిపోగానే క్యాసెట్టు తీసి జేబులో వేసుకుని ఇంటికి వెళ్లాను. ఆ మిషను తర్వాత ఏమైందో తెలియదు.

బ్యాంకు ఆవిడ స్టీరింగు మీద తల ఆనించి నవ్వింది. వెనక హారన్లు మోగుతున్నాయి. "అయితే మా పాటకి కూడా ఆషాఢం తగ్గింపు ఇచ్చారన్న మాట! మూడు మెట్లు!"

నేనూ నవ్వాను. కారు ఇంకా వేగంగా నడపమని అడిగాను. జీవితంలో ఎవర్నీ అలా అడగలేదు.

ఇంటికి చేరేసరికి పన్నెండు. భోజనం క్యారేజీ గుమ్మం దగ్గర ఉంది. దాన్ని లోపల పెట్టి కంప్యూటరు తెరిచాను. శబ్దాన్ని సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించుకున్నాను. అందులో వేగాన్ని, శ్రుతిని కలిపి మార్చే వీలుంది. మూడు మెట్లు పెంచమని ఇచ్చాను. అది కొంచెంసేపు ఆలోచించింది. ఏడు నిమిషాల పైన ఉన్న పాట ఆరు నిమిషాలకు వచ్చింది.

పెట్టాను. పల్లవికే కుర్చీలోంచి లేచాను. అవి బరువైన గొంతులు కావు. ముప్పై, నలభై ఏళ్ల ఆడవాళ్ల గొంతులు, అలవాటైన శ్రుతిలో, ఒకరినొకరు తోసుకుంటూ వస్తున్నాయి. నిదానంగా విన్నప్పుడు వేదనలా అనిపించిన గమకాలు ఇప్పుడు నీళ్లు మలుపు తిరిగినట్టు చటుక్కున తిరిగిపోతున్నాయి. స్వరాలు అవే, రాగం అదే. ఒక్కదాని స్థానం కూడా మారలేదు. దుఃఖం మాత్రం అందులో లేదు. పన్నెండు గొంతులూ భారంగా ఉన్నప్పుడు పన్నెండుమందికీ ఒకేసారి ఏం కష్టం వచ్చి ఉంటుందని ఇన్ని నెలల్లో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నేను విన్నది ఒక్క గొంతునే.

రెండో చరణం వచ్చింది. నా భార్య మాటలు ఎత్తుకుంది. తాళానికి రవ్వంత ముందే ఎత్తుకుంది. మిగతావాళ్లు ఆమెను అందుకోవడానికి తొందరపడ్డారు. ఇన్నాళ్లూ అక్కడ ఆమె గొంతు తడబడిందనుకున్నాను. అది తడబాటు కాదు, ఆగలేకపోవడం.

పాట అయ్యాక టేపులో మూడు నాలుగు సెకన్లు మిగిలి ఉన్నాయి. ఎవరో ఒక మాట అంటారు. బొంగురుగా ఉండేది కాబట్టి మృదంగం వాయించినాయన అనుకునేవాణ్ని. ఇప్పుడు అది నా భార్య గొంతుగా వచ్చింది. ఆయాసపడుతూ, నవ్వుతూ, నన్నే అడుగుతోంది.

"వచ్చిందా అండీ? రాకపోతే ఇంకోసారి పాడేస్తాం!"

తర్వాత బటను నొక్కిన చప్పుడు. అది నా వేలు.

ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు విన్నానో తెలియదు. మూడింటికి టీచరుగారికి ఫోను చేశాను. అవతల ఆవిడ ఐదున్నర మెట్టు నొక్కి పట్టుకున్నారు, ఇవతల నేను పాట పెట్టాను. రెండూ కలిశాయి. ఫోనులో ఆవిడ అరిచిన అరుపుకు వాళ్ల తమ్ముడు పరిగెత్తుకుని వచ్చినట్టున్నాడు, "ఏమైందక్కా" అనడం వినిపించింది.

"ఇదీ! ఇదీ బాబూ!"

నేను అడగాల్సింది అప్పుడే అడిగాను. అప్పుడు కాకపోతే ఎప్పటికీ అడగలేను.

"టీచరుగారూ, ఆడిషన్‌కు పంపనందుకు ఆమె బాధపడిందా అండీ?"

"పడకేం? వారంరోజులు మిమ్మల్ని తిట్టింది. క్లాసు క్లాసంతా విన్నది. మీ పుస్తకాలు కూడా తిట్లు తిన్నాయి."

"తర్వాత?"

"తర్వాత నేను ఈ పాట తెచ్చాను. రెండు జట్లుగా పాడటం అందరికీ కొత్త. ఇంక మిమ్మల్ని తిట్టడానికి తీరికెక్కడిది?"

ఓదార్చడానికి చెప్పే మాటలు నాకు తెలుసు. పద్నాలుగు నెలలుగా వింటున్నాను. ఇందులో తిట్లు ఉన్నాయి కాబట్టి నమ్మాను. ఆడిషన్ పోగొట్టింది నేనే. పాటను ఏ శ్రుతికి మార్చినా అది మారదు. ఆ ఏడంతా ఆమె ఎలా ఉందో చెప్పగలిగేది ఏదీ లేదు. ఆ ఆదివారం, ఆ ఆరు నిమిషాలు ఎలా ఉందో మాత్రం ఇప్పుడు నాకు తెలుసు.

తర్వాతి ఆదివారం పటమటలో బ్యాంకు ఆవిడ ఇంట్లో సాధన పెట్టుకున్నారు. ఐదుగురూ వచ్చారు. పుట్టినరోజు తనదే అయినా టీచరుగారు సాధనకు రాకుండా ఉండలేకపోయారు. ముందు సరిచేసిన రికార్డు వినిపించాను. అయిపోగానే ఐదుగురూ ఒకేసారి మాట్లాడారు. అది నేను, కాదు నేను, అక్కడ తప్పు పాడింది నువ్వేనని. ఒకావిడ కళ్లు తుడుచుకుంటూనే పక్కావిడతో వాదన పెట్టుకుంది.

ఐదున్నరలో మొదలుపెట్టారు. పై స్వరం దగ్గర ఒక గొంతు చీలింది, ఇంకో గొంతు అసలు రాలేదు, మిగతా ముగ్గురు నవ్వు ఆపుకోలేక ఆగిపోయారు. టీచరుగారు శ్రుతి పెట్టె తీసుకుని మెట్లు దించారు.

"నాలుగులో పాడండి."

నేను ఉండబట్టలేకపోయాను. "మళ్లీ నాలుగా? తప్పు శ్రుతి అన్నారు కదండీ?"

"అప్పుడది మీ మర తప్పు. ఇప్పుడిది వయసు. వయసుకి తగ్గట్టు శ్రుతి దించుకోవచ్చు. కాలప్రమాణం మాత్రం దించేది లేదు. తాళం గట్టిగా ఎవరైనా పట్టుకోవాలి." ఆవిడ నా వైపు తిరిగారు. "మీరు పట్టండి బాబూ. ఈ పాట మా అందరికంటే ఎక్కువసార్లు విన్నది మీరే."

నాకు సంగీతం రాదు. ఇంట్లో ఆమె సాధన చేస్తుంటే చూసి ఆది తాళం లెక్క మాత్రం తెలుసు. ఒక దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, తిప్పడం, దెబ్బ, తిప్పడం. మోకాలి మీద వేయడం మొదలుపెట్టాను. పల్లవి దాటింది. మొదటి చరణం దాటింది. రెండో చరణంలో మాటల వైపు ఎవరు ఎత్తుకోవాలని ముందే అనుకోలేదు. బ్యాంకు ఆవిడ నా వైపు ఒకసారి చూసి తనే ఎత్తుకుంది. స్వరాలు ఒక పక్క, మాటలు ఒక పక్క. ఐదుగురే అయినా గది నిండింది. నా అరచెయ్యి మండుతోంది. ఐదుగురూ వరస వరసకూ గాలి పీల్చుకుంటూ నన్ను అందుకోవడానికి అవస్థ పడుతున్నారని నేను గమనించలేదు.

టీచరుగారు చెయ్యెత్తారు. పాట ఆగింది.

"బాబూ, మీరు ముందుకు తోసేస్తున్నారు. అక్కడ అంత వేగం లేదు."

"అన్నయ్యగారు ఇన్నాళ్లు నిదానంగా విన్నదంతా ఇవాళే తీర్చేసుకుంటున్నారండీ!" అంది బ్యాంకు ఆవిడ, నడుము పట్టుకుని రొప్పుతూ.

అందరూ నవ్వారు. మంచినీళ్లు తాగారు. నేను చెమట తుడుచుకున్నాను. రెండో చరణం మళ్లీ ఎత్తుకోమని టీచరుగారు సైగ చేశారు. నేను చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, ఈసారి వాళ్లు ఊపిరి తీసుకునేదాకా ఆగాను.